రెండో తాళంచెవి

మా అల్లుడంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. చెడ్డవాడై ఉంటే నలుగురిలో పెట్టి నాలుగు మాటలని కడుపుబ్బరం తీర్చుకునేదాన్ని. తాగడు, తిరగడు, పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు. మా ఆయన పోయాక నేను వాళ్ళ పంచన చేరి ఆరేళ్ళయింది. కూర్చుని తింటున్నానని ఒక్కనాడు కూడా నన్ను చిన్నచూపు చూడలేదు. అలాంటి మనిషి మీద కోపం వస్తే చెప్పుకోవడానికి ఎవరు దొరుకుతారు? మీకేమమ్మా బంగారంలాంటి అల్లుడు, అనేవాళ్ళే అందరూ. ఆ బంగారంతో ఒక్క గదిలో కాపురం ఉండి చూస్తే తెలిసేది వాళ్ళకి.

రెండే చొక్కాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. మూడోది కుట్టించుకో నాయనా అంటే, ఉన్నవి చిరగలేదు కదా అంటాడు. ఏది పెడితే అది తింటాడు. ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను. మాట్లాడకుండా తిని, తన కంచం తనే కడుక్కుని పనికి వెళ్ళిపోయాడు. ఉప్పు లేదని ఒక్క మాట అనొచ్చు కదా! నేను కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ ఆ సంగతి తెలియలేదు. రోజంతా అతని మీద రుసరుసలాడుతూనే ఉన్నాను.

అతను మెకానిక్. పెద్దాసుపత్రి దుప్పట్లూ, నాలుగైదు హోటళ్ళ పక్కబట్టలూ ఉతికే పెద్ద లాండ్రీ అది. లారీల కొద్దీ మురికిబట్ట వచ్చి పడేది, లారీల కొద్దీ తెల్లబట్ట వెళ్ళేది. షెడ్డు వెనక పనివాళ్ళకి రెండు వరసల క్వార్టర్లు కట్టారు. మాకిచ్చింది ఒక గది, ఒక ఇరుకు వంటిల్లు. ఆ వరసల్లో ఏ కిటికీ చూసినా, చిరిగిందని పక్కన పడేసిన ఆసుపత్రి దుప్పటే తెరగా వేలాడుతుంది. దాన్ని ఎవరూ దొంగతనం అనుకోరు. మా కిటికీకి మాత్రం న్యూస్ పేపరు. నేనూ ఒక దుప్పటి తెచ్చి కట్టాను. సాయంత్రం వచ్చి చూసి, దాన్ని విప్పి, నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చేసి వచ్చాడు. చిరిగిందని రాసిన దుప్పటి చిరిగి ఉండాలి కదా అత్తయ్యా, ఇది చిరగలేదు, అన్నాడు. సబ్బుపొడి బస్తాల మధ్య పని చేసే మనిషి ఇంట్లో మేము సబ్బుబిళ్ళ కొనుక్కుని, వేళ్ళకి అందనంత పలచబడేదాకా అరగదీశాం.

ఇవన్నీ తిట్టుకుంటూనే సర్దుకున్నాను. నా కొంప ముంచింది అతని ఎర్రతాళం.

షెడ్డులో ఏ మిషన్‌కి తేడా వచ్చినా మా అల్లుడు ముందు దాని కరెంటు డబ్బా కట్టేసి, డబ్బాకి ఒక తాళం వేసేవాడు. తాళానికి ఎర్రరంగు తనే పూశాడు. దానికో రేకుముక్క కట్టి, దాని మీద "నేను తీసేదాకా ముట్టుకోవద్దు" అని రాశాడు. ఎవరు వేసిన తాళం వాళ్ళే తీయాలి, యజమాని వచ్చి నిలబడ్డా ఇంకొకరు తీయకూడదు. ఇది అతను పెట్టిన పద్ధతి. మొదట్లో అందరూ నవ్వారు. తాళం బీరువాకి వేసుకోవయ్యా, దాచుకోవడానికి ఏమైనా ఉంటే, అన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి. తాళం ఉన్న మిషన్ దగ్గరికి ఎవరూ పోయేవారు కాదు. తాళం లేదంటే మిషన్ బాగున్నట్టే. ఇంకేమీ చూసుకోకుండా ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, పక్కవాళ్ళ వైపు తిరిగి నవ్వుతూ చేతులు లోపలికి పెట్టేవారు. వాళ్ళకి అతని మీద అంత నమ్మకం.

తాళానికి చెవులు రెండు. ఒకటి అతని జేబులో ఉండేది. రెండోది మా ఇంట్లో, గుమ్మం పక్కన మేకుకి వేలాడేది. అది ఆఫీసులో ఉంచొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"అక్కడైతే ఎవరి చెయ్యైనా పడుతుంది అత్తయ్యా. ఇంట్లో ఉంటే నా జేబులో ఉన్నట్టే" అన్నాడు.

మా అమ్మాయికి అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఆరో నెల పడింది. మంచం దిగొద్దు, మెట్లెక్కొద్దు, మనసుకి కష్టం కలగనివ్వొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ గదిలో అది మంచం మీద, నేను కింద చాప మీద, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఎదురు క్వార్టరులో ఒక అమ్మాయి తండ్రితో ఉండేది. మా గుమ్మంలోకి తల వంచుకుని రావలసినంత పొడుగు. అందరూ పొడుగమ్మాయి అనే పిలిచేవారు. నా వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరపోయి జడపాయలు పట్టుకోలేవు. అందుకని ఆ పిల్ల రోజూ పని దిగగానే వచ్చి, మంచం తలవైపు కూర్చుని మా అమ్మాయికి చిక్కు తీసి జడ వేసేది. వేస్తూ షెడ్డులో కబుర్లన్నీ చెప్పేది. మా అమ్మాయి నవ్వేది ఆ అరగంటే.

అలాంటి రోజుల్లో మా అల్లుడు మూడో నంబరు పిండే మిషన్‌కి తాళం వేశాడు.

తడి దుప్పట్లు అందులో వేసి మూత పెడితే డ్రమ్ము గిర్రున తిరిగి నీళ్ళన్నీ పిండేస్తుంది. డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా మూత ఊడి రాకూడదు. మూత గొళ్ళెం అరిగిపోయి, తిరుగుతుండగానే మూత వచ్చేస్తోంది. అంత జోరు మీదున్న డ్రమ్ము పైనుంచి చూస్తే ఆగిపోయినట్టే ఉంటుందట. కొత్త గొళ్ళెం తెప్పించమని అడిగాడు. మూడు వారాలు పడుతుంది, ఈలోగా తీగ చుట్టి నడిపించు అన్నారు పైవాళ్ళు. చుట్టను అన్నాడు. ఉన్నవే నాలుగు మిషన్లు. అందులో ఒకటి ఆగేసరికి బట్ట గుట్టలు పడింది. ఆసుపత్రివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. అయిదో రోజున సూపర్‌వైజరు మా అల్లుణ్ణి పిలిచి, తాళం తీస్తావా, క్వార్టరు ఖాళీ చేస్తావా అని అడిగాడు. నెలాఖరు దాకా గడువిచ్చాడు.

ఆ మాట మా అల్లుడు ఇంట్లో చెప్పలేదు. పొడుగమ్మాయి నా చెవిన వేసింది. మంచం దిగకూడని పిల్లని పట్టుకుని ఎక్కడికి పోతాం? ఏ మేడ మెట్లు ఎక్కిస్తాం? అతను వంటింట్లో కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి, అమ్మాయికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగాను. ముందు నెమ్మదిగానే అడిగాను. తర్వాత నా నోరు నా మాట వినలేదు.

"నీ పెళ్ళాం, నీ బిడ్డ కంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ చెయ్యి ఎక్కువైపోయిందా నీకు?" అన్నాను.

అతను చెంబు కింద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది.

"ఆ డ్రమ్ములో చెయ్యి పెట్టమంటే నేను పెట్టను అత్తయ్యా. నేను పెట్టనిచోట ఇంకొకరిని పెట్టమని ఎలా అంటాను?"

అంతే. ఇంక ఆ విషయం ఎత్తలేదు. క్వార్టరు పోతే ఊరి చివర నేలమాళిగ గది ఒకటి చూశానని, మెట్లు దింపడానికి అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోస్తామని చెప్పాడు. నువ్వు నీతిమంతుడివి అనిపించుకోవడానికి నా కూతుర్ని కుర్చీలో మోస్తావా అనుకున్నాను. పైకి అనలేదు. అనుకుంది మాత్రం నిజం.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే అమ్మాయిని ఆసుపత్రికి పరీక్షకి తీసుకెళ్ళాడు. పూట సెలవు పెట్టాడు. వాళ్ళ ఆటో మలుపు తిరిగిందో లేదో సూపర్‌వైజరు మా గుమ్మంలో ఉన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతాడు. ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా నవ్వుతూనే తీస్తాడని చెప్పుకునేవారు. కూర్చోమంటే కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. అమ్మాయి ఆరోగ్యం అడిగాడు. మీ అల్లుడంటే నాకూ ఇష్టమే, కానీ పైవాళ్ళు ఊరుకోవడం లేదు, వచ్చే వారమే ఇల్లు ఖాళీ చేయించమంటున్నారు, నా చేతుల్లో లేదు అన్నాడు. చెబుతూనే మేకు వైపు చూశాడు.

"ఒక్క పూట అమ్మగారూ. పేరుకుపోయిన బట్ట లాగించేసి, ఆయన డ్యూటీకి వచ్చేలోపు మళ్ళీ తాళం వేయించేస్తాను. మధ్యాహ్నానికల్లా చెవి మీ మేకుకే ఉంటుంది. మీ ఇంటి జోలికి ఇంకెవరూ రారు, నాదీ పూచీ."

అతను బలవంతం చేయలేదు. చెయ్యి కూడా చాపలేదు. లేచింది నేను. మేకు మీంచి తీసింది నేను. అతని చేతిలో పెట్టింది నేను. ఇచ్చేటప్పుడు నా మనసులో ఏ కోశానా భయం లేదు. ఇంకా చెప్పాలంటే సంతోషమే వేసింది. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో బుద్ధిగల పని ఒకటి జరిగింది అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను.

అన్నం వార్చే వేళకి షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ క్వార్టర్లలో ఉన్నవాళ్ళకి ఆ చప్పుడు ఎప్పుడూ చెవుల్లో ఉండేదే. అది ఆగితే ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది. ఎవరో ఆడమనిషి అరిచింది. తర్వాత చాలామంది అరిచారు. నేను గరిటె పట్టుకునే బయటికి పరిగెత్తాను. షెడ్డు తలుపులోంచి నలుగురు మగవాళ్ళు ఒక మనిషిని తెల్లదుప్పట్లో మోసుకొస్తున్నారు. దుప్పటి ఒకవైపు తెల్లగా లేదు. అవతలి కొసన పాదాలు దుప్పటి దాటి బయటికి ఉన్నాయి. అంత పొడుగు మనిషి అక్కడ ఒక్కతే.

మూత రాగానే చెయ్యి పెట్టిందట. దుప్పటి చేతికి చుట్టుకుని లాగేసిందట. మోచేతి దాకా లేదు. కుడిచెయ్యి.

మా వాళ్ళు మధ్యాహ్నం వచ్చారు. అల్లుడు అమ్మాయిని పడుకోబెట్టి, విషయం వినగానే షెడ్డుకి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ గోడ వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది. చెవి తిరిగి తెచ్చిపెడతానన్నవాడు తేలేదు. నేను చాప మీద కూర్చుని ఉన్నాను. నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టదు. కంచం పెడితే వద్దన్నాడు. అతను వద్దనడం ఆ ఇంట్లో అదే మొదలు.

మర్నాడు సూపర్‌వైజరే పిలిపించాడట. ఎల్లుండి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మిషన్ బాగుచేసి తాళం నేనే తీశాను అని రాసి సంతకం పెట్టు, ఆ పిల్ల ఆగకుండా చెయ్యి పెట్టింది, ఆమె అజాగ్రత్త అని తేలిపోతుంది, నీ ఉద్యోగం, నీ క్వార్టరు నీకుంటాయి, కాన్పు హాయిగా జరుగుతుంది అన్నాడట. మా అల్లుడు ఆ కాయితం అక్కడే వదిలేసి వచ్చాడు. ఇంటికొచ్చి నన్ను వంటింట్లోకి పిలిచాడు. అమ్మాయి నిద్రపోతోంది.

"ఎల్లుండి నన్ను అడుగుతారు అత్తయ్యా. తాళం నేను తీయలేదని చెబుతాను. రెండో చెవి మా ఇంట్లో ఉండేదని చెబుతాను. అక్కడితో ఆపేస్తాను. ఆ తర్వాతది నేను చూడలేదు, నేను చెప్పలేను."

నేను అతని కాళ్ళ మీద పడబోయాను. పట్టుకుని ఆపాడు. అమ్మాయికి మాత్రం చెప్పకు నాయనా అన్నాను. నాకుగా నేను చెప్పను, తను అడిగితే అబద్ధం చెప్పను అన్నాడు. నువ్వు తిట్టు బాబూ, నోరారా తిట్టు అన్నాను. తిడితే ఏమొస్తుంది అన్నాడు. కిటికీకి ఉన్న పేపరు వైపు చూస్తూ ఇంకొక్క మాట అన్నాడు.

"ఇంట్లో పెట్టింది నేనే కదా."

మోయడానికి తప్పు కూడా నాకు పూర్తిగా వదల్లేదు ఆ మనిషి. అప్పుడు నేను ఏడ్చాను.

ఆసుపత్రికి వెళ్ళాను. పొడుగమ్మాయికి ఆ మంచం చాలక కాళ్ళు ముడుచుకుని పడుకుంది. కప్పిన దుప్పటి ఏదో కాదు, మా షెడ్డులో ఉతికినదే. తండ్రి పక్కన స్టూలు మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. నన్ను చూసి ఆ పిల్ల నవ్వబోయింది. వదిన ఎలా ఉంది, జడ ఎవరు వేస్తున్నారు అని అడిగింది. నేను దుప్పటి అంచు సర్దుతున్నాను. తనే చెప్పింది.

"తాళం లేదు కదా పెద్దమ్మా. అన్న తీశాడంటే బాగైనట్టే కదా. నేను లోపలికి చూడను కూడా చూడలేదు."

చెప్పాలనే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు, చెప్పాలనే వెళ్ళాను. తెచ్చిన అరటిపళ్ళు తండ్రి చేతికిచ్చి, మళ్ళీ వస్తానమ్మా అని బయటపడ్డాను. వరండాలో ఒక బల్ల మీద కూలబడితే ఎవరో నర్సు నీళ్ళు తెచ్చిచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు అన్నాను కదా ఆ రోజు. ఆ ముక్కూ ఆ మొహం రోజూ మా గదిలో, నా ఎదురుగానే ఉండేవి.

విచారణ రోజున నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను. ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టరు, యజమాని తరఫు మనిషి, సూపర్‌వైజరు, మా అల్లుడు ఉన్నారు. గుమ్మంలో జవాను ఆపబోతే, మెకానిక్ అత్తగార్ని, రెండో చెవి సంగతి చెప్పడానికి వచ్చాను అన్నాను. లోపల నిలబడి మొత్తం చెప్పాను. సూపర్‌వైజరు వచ్చిన వేళ, తాగిన మంచినీళ్ళు, అన్న మాటలు, నా చేత్తో నేనిచ్చింది, దేనికోసం ఇచ్చానో అది కూడా దాచకుండా చెప్పాను. మా అల్లుడు తల వంచుకుని విన్నాడు.

సూపర్‌వైజరు నవ్వు చెక్కుచెదరలేదు. పాపం అల్లుడి ఉద్యోగం కోసం పెద్దావిడ తంటాలు పడుతోంది సార్, నేను ఆ గుమ్మం తొక్కనేలేదు అన్నాడు. చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఇన్‌స్పెక్టరు నన్నడిగాడు. ఆ వేళప్పుడు రెండు వరసలవాళ్ళూ పనిలోనే ఉన్నారు. ఎవరూ లేరు అన్నాను. అతను రాసుకున్నాడు. రాసిందాని కింద నా చేత సంతకం పెట్టించాడు.

నిజం చెబితే ఆకాశం బద్దలవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. తాళంచెవిని సొంతింట్లో జాగ్రత్త లేకుండా ఉంచినందుకు మెకానిక్‌ని తీసేశారు. సూపర్‌వైజరుని వేరే ఊళ్ళో ఉన్న షెడ్డుకి పంపారు. నా మాటల వల్ల జరిగింది ఒక్కటే. మిషన్ బాగలేదన్న సంగతి కాయితం మీదికెక్కింది కనుక, తప్పు ఆ పిల్లదే అని రాయలేకపోయారు. ఆమెకి రావలసిన పరిహారం ఎంతో కొంత వచ్చింది. చెయ్యి ఎవరూ తెచ్చివ్వలేదు.

విచారణ అయిన సాయంత్రమే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. ఈసారి కూర్చోకుండా, పళ్ళూ గిళ్ళూ తీసుకెళ్ళకుండా, నిలబడే చెప్పాను. పొడుగమ్మాయి మొత్తం విన్నది. తిట్టలేదు. ఏడవలేదు. తండ్రి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"అయితే అన్న తీయలేదన్నమాట" అంది.

"తీయలేదమ్మా. వాడు తీయలేదు."

కళ్ళు మూసుకుంది. నాకు చాలా ఆశగా ఉంది, ఏం ఆశో నాకే తెలియదు. పెద్దమ్మా అని పిలుస్తుందనుకున్నానో ఏమో. కళ్ళు తెరవకుండానే, మీరింక రాకండి అంది.

క్వార్టరు ఖాళీ చేసిన రోజున మా అమ్మాయిని నిజంగానే కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. నేలమాళిగ గదికి పదకొండు మెట్లు. ఒక్కో మెట్టుకీ నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. ఏమీ కాలేదు. దేనికి భయపడి నేనంత పని చేశానో అది అంత తేలిగ్గా, నలుగురు మనుషులు చెమటలు పట్టి అయిదు నిమిషాల్లో తేల్చేశారు. ఆ మెట్ల కింద నిలబడి నేను నోరు కొట్టుకున్నాను.

మా అమ్మాయి అడగనే అడిగింది. పొడుగమ్మాయిని చూడ్డానికి అమ్మ ఎందుకు వెళ్ళడం లేదు అని మొగుణ్ణి అడిగింది. అతను చెప్పాడు. ఆ మర్నాడు, నా వంకర వేళ్ళతోనే ఎలాగో జడ వేస్తాను రామ్మా అంటే వద్దంది. కత్తెర తెమ్మని మొగుడికి చెప్పి, మెడదాకా కత్తిరించేసుకుంది. నేను నేల మీద పడ్డ జుట్టంతా ఊడ్చి పారేశాను.

పిల్ల పుట్టింది. నెలలు నిండే పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. నర్సు నా చేతుల్లో పెట్టినప్పుడు అందరూ చూసుకునేవే నేనూ చూశాను. రెండు చేతులు, పది వేళ్ళు. కుడిచేత్తో నా వేలు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో! విడిపించుకుని, పిల్లని మా అమ్మాయికిచ్చి బయటికొచ్చి నిలబడ్డాను. ఇప్పటికీ దాని కుడిచెయ్యి నేను పట్టుకోను. ఎడంచెయ్యి పట్టుకుని నడిపిస్తాను.

మా అల్లుడికి చాలాకాలం పని దొరకలేదు. చివరికి మంచుగడ్డలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరాడు. లాండ్రీలో వచ్చిన జీతంలో సగం. చొక్కాలు ఇప్పుడూ రెండే, రెండూ చిరిగాయి. చేరిన వారానికి కొత్త తాళం ఒకటి కొనుక్కొచ్చాడు. మెట్ల మీద కూర్చుని ఎర్రరంగు పూశాడు. రేకుముక్క కోసి, పాత మాటలే రాసి ఆరబెట్టాడు. పిల్ల రంగు ముట్టుకోబోతే నేను ఎత్తుకుని దూరంగా నిలబడ్డాను. తాళం ఆరాక దాని చెవులు రెండూ విడదీశాడు. ఒకటి జేబులో వేసుకున్నాడు. సుత్తి తీసుకుని, గుమ్మం పక్కన గోడకి, నేను రోజూ కూర్చునే చాపకి సరిగ్గా ఎదురుగా, ఒక మేకు కొట్టాడు. రెండో చెవి దానికి తగిలించాడు.

అది నీ దగ్గరే పెట్టుకో నాయనా, నీకు పుణ్యముంటుంది, నా ఎదురుగా వద్దు అన్నాను. నేను అలా బతిమాలడం అతనెప్పుడూ వినలేదు. సుత్తి కింద పెట్టి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. ఉప్పులేని కూర తిన్ననాడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

"ఇంట్లోనే ఉండాలి అత్తయ్యా" అని పనికి వెళ్ళిపోయాడు.

అది అక్కడే ఉంది. నేను రోజూ గోడ దులుపుతాను. మేకు చుట్టూ దులిపి, దాన్ని మాత్రం వదిలేస్తాను.